ఈసీఎం పోయిందన్నరా? పైసలు కట్టేముందు ఇవన్నీ చూస్కోండి

పోయిన వానాకాలం పరకాల దిక్కు నుంచి ఒక డీజిల్ కారును ట్రాక్టర్‌కు కట్టుకొని మా షెడ్డుకు తెచ్చిండ్రు. సెల్ఫ్ మంచిగ తిరుగుతది కానీ బండి స్టార్ట్ కాదు, స్కానర్ పెడితే ఇంజిన్‌ది కమ్యూనికేషన్ వస్తలేదు, అంతకుముందు చూసినాయన ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ డబ్బా) పోయింది నలభై అయిదు వేలు అయితది అని చెప్పిండట. బండి ఆయన పత్తి రైతు, ఆ పైసల కోసం అప్పు అడిగి వచ్చిండు. నేను ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఇప్పి చూస్తే దాని కింద ఎలుక గూడు, పత్తి పీచు, చిరిగిన కవర్లు, ఆ పక్కనే ఈసీఎంకు పోయే పవర్ వైరు కొరికేసి ఉంది. పోగులన్నీ తెగి, ఒకటో రెండో పోగులు పచ్చగ చిలుం పట్టి ఆనీ ఆననట్టు తాకుతున్నయి. మల్టీమీటర్ పెడితే 12.3 వోల్టులు చూపెట్టింది, అదే 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెడితే ఆరిపోయే నిప్పుకణిక లెక్క సన్నగ ఎర్రగ వెలిగింది, అంతే. ఆ ముక్క కోసి కొత్త వైరు వేసి, సోల్డర్ పెట్టి, స్లీవ్ తొడిగితే బండి ఒక్క సెల్ఫ్‌కు స్టార్ట్ అయింది. ఈసీఎంకు ఏం కాలే.

నేను హన్మకొండల ఆటో ఎలక్ట్రిషియన్ పని చేస్త. ఈసీఎం పోయిందని నా దగ్గరికి వచ్చే బండ్లల్ల ఎక్కువ శాతం ఈసీఎం మంచిగనే ఉంటది, దానికి రావాల్సిన కరెంటో ఎర్తో సక్కగ రాదు, లేకపోతే ఏదో సెన్సార్ షార్ట్ అయి దాన్ని నోరు మూపిస్తది. అందుకే ముందు అవన్నీ చూసి, ఏదీ మిగలకపోతేనే డబ్బా మీద చెయ్యి పెట్టాలె.

మొదలు బ్యాటరీ. ఫుల్ చార్జ్ ఉన్న బ్యాటరీ బండి ఆపినంక కొంచెంసేపటికి 12.6 దగ్గర చూపెట్టాలె. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతుంటే ముందు బ్యాటరీ సంగతి చూడండి, ఎందుకంటే వోల్టేజ్ మరీ పడితే ఈసీఎం మధ్యల రీసెట్ అయిపోతది, తప్పుడు కోడ్‌లు (స్కానర్‌ల కనిపించే ఫాల్ట్ నంబర్లు) వేస్తది. పి0606 అంటే ప్రాసెసర్ ఫాల్ట్, అది వచ్చిందంటే చాలామంది ఇగ ఈసీఎం మార్చుడే అంటరు, కానీ బ్యాటరీ మంచిది పెట్టి కోడ్ క్లియర్ చేసి నాలుగైదు సార్లు స్టార్ట్ చేసి మళ్ళ వస్తేనే దాన్ని నమ్మాలె.

తర్వాత కీ ఆన్ చేసి మీటర్ బోర్డు చూడండి. చెక్ ఇంజిన్ లైట్ వెలగాలె, పెట్రోల్ బండి అయితే వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుయ్‌మని ఆగే సప్పుడు చాలా బండ్లల్ల వినిపిస్తది. లైటూ లేదు, పంపు సప్పుడూ లేదు అంటే ఈసీఎం నిద్ర లేస్తలేదు అని అర్థం, చచ్చిపోయింది అని కాదు. స్కానర్ పెడితే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కనెక్ట్ అయి ఇంజిన్ ఒక్కటే కాకపోయినా, వాటిల్ల యు0100 కోడ్ ఉన్నా అదే లెక్క, ఇంజిన్ కంట్రోలర్ నుంచి మాట వస్తలేదని మిగతావి ఫిర్యాదు చేస్తున్నయి, ఎందుకు వస్తలేదో మనమే ఎతకాలె.

ఎతుకుడు ఎట్లనంటే, ఆ మోడల్ వైరింగ్ డయాగ్రం ముందర పెట్టుకోండి, అది లేకుండ పిన్నుల మీద అందాజతోని చెయ్యి పెట్టకండి. ఈసీఎంకు మామూలుగ మూడు రకాల పవర్ వస్తది, ఒకటి బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండేది, ఒకటి కీ ఆన్ చేస్తే వచ్చేది, ఇంకొకటి మెయిన్ రిలే నుంచి వచ్చేది. కీ ఆఫ్ చేసి బ్యాటరీ నెగటివ్ తీసి ఈసీఎం కప్లర్ (వైర్లన్నీ కలిసే ప్లగ్గు) ఇప్పి, మళ్ళ నెగటివ్ పెట్టి, కీ ఆన్ చేసి, ఒక్కొక్క పవర్ పిన్ దగ్గర 21 వాట్ల బల్బు పెట్టి చూడండి, ఫుల్‌గ వెలగాలె. మీటర్ ఒక్కదాన్నే నమ్మితే పైన పరకాల బండి లెక్క మోసపోతం, మీటర్ కరెంటు గుంజదు కాబట్టి తెగబోయే వైర్ల కూడ 12 చూపెడతది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కప్లర్ ఇప్పితే మెయిన్ రిలేను ఆన్ చేసేటిది ఉండదు, చాలా బండ్లల్ల ఆ రిలేను ఈసీఎమ్మే ఎర్త్ ఇచ్చి గుంజుతది, అందుకని ఆ పిన్‌కు కరెంటు లేదని కంగారు పడొద్దు, రిలే పీకి దాని సాకెట్‌ల 30, 87 పిన్నులు ఫ్యూజ్ ఉన్న వైరుతోని కలిపి చూడాలె. మీటర్ ముల్లు లావుగ ఉంటది, దాన్ని కప్లర్‌ల రంధ్రం ఉన్న పిన్నులల్ల కుక్కకండి, పిన్ వెడల్పయి తర్వాత సరిగ పట్టదు, రేపు కొత్త ఈసీఎం పెట్టినా అదే కంప్లయింట్ వస్తది.

ఎర్త్‌ది ఇంకా ముఖ్యం. కప్లర్ మళ్ళ పెట్టేసి, మీటర్ నల్లది బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్రది కప్లర్ వెనక నుంచి ఎర్త్ పిన్‌కు తాకిచ్చి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.1 వోల్టు, ఆ లోపల ఉంటే మంచిది, అర వోల్టు ఒక వోల్టు చూపెడుతుంటే ఎర్త్ వైరో, బాడీ మీద దాని బోల్టో తుప్పు పట్టింది. బోల్టు ఇప్పి బాడీ మీది రంగు, తుప్పు గీకి బిగించి మళ్ళ కొలవండి.

పవర్, ఎర్త్ రెండూ సక్కగ ఉండి కూడ ఈసీఎం మాట్లాడకపోతే 5 వోల్టుల సప్లై చూడండి, చాలామంది ఇది చూడకుండనే డబ్బా మారుస్తరు. సెన్సార్లకు ఈసీఎం లోపలి నుంచి 5 వోల్టులు పంపుతది, మ్యాప్ సెన్సార్, రైల్ ప్రెషర్ సెన్సార్, యాక్సిలరేటర్ పెడల్ సెన్సార్, ముందర కండెన్సర్ దగ్గర ఏసీ ప్రెషర్ సెన్సార్ ఇవన్నీ దాని మీదనే బతుకుతయి. ఏ ఒక్కటి లోపల షార్ట్ అయినా ఆ లైన్ మొత్తం పడిపోతది, కొన్ని బండ్లల్ల ఈసీఎం స్కానర్‌కు కూడ దొరకదు. కీ ఆన్ చేసి ఏదన్న సెన్సార్ కప్లర్ దగ్గర 5 వోల్టులు కొలుస్తూ మిగతా సెన్సార్ల కప్లర్లు ఒక్కొక్కటే ఇప్పుకుంట పోండి, ఏది ఇప్పంగనే 5 తిరిగి వస్తే దొంగ అదే. అన్నీ ఇప్పినా రాకపోతే వైరు ఎక్కడో బాడీకి తాకుతుంది, అది కూడ కాదంటే అప్పుడు ఈసీఎం లోపల అనుమానం.

క్యాన్ లైన్లు (బండిల కంట్రోలర్లు ఒకదానితోని ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) చూసుడు అల్కటి పని. స్టీరింగ్ కింద స్కానర్ పెట్టే 16 పిన్నుల ఓబీడీ కప్లర్ ఉంటది, బ్యాటరీ నెగటివ్ తీసేసి 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలిస్తే 60 దగ్గర రావాలె, ఎందుకంటే లైన్‌కు రెండు చివర్ల 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉంటయి. 120 వస్తే ఒక చివర తెగింది, చాలా బండ్లల్ల ఒకటి ఈసీఎం లోపలనే ఉంటది కాబట్టి దాని కప్లర్ సక్కగ పడ్డదా చూడండి. సున్నా దగ్గర వస్తే రెండు వైర్లు ఒకదానికొకటి తాకినయి.

ఇన్ని చూసినంక ఈసీఎమ్మే అని తేలితే, పెట్టే ముందు అది ఎందుకు పోయిందో తెలుసుకోండి, లేకపోతే కొత్తది కూడ అదే తొవ్వ పడతది. ఒక ఇగ్నిషన్ కాయిల్ షార్ట్ అయి ఈసీఎం లోపల దాన్ని నడిపే డ్రైవర్ సర్క్యూట్‌ను కాల్చేసి ఉండొచ్చు, ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పోయి 15 వోల్టులు దాటి చార్జింగ్ వస్తుండొచ్చు, బండి నడుస్తుంటే బ్యాటరీ వైరు పీకి ఉండొచ్చు, వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ తియ్యకపోయి ఉండొచ్చు. లారీ తోని జంప్ స్టార్ట్ కొట్టి పోగొట్టుకున్నోళ్ళను కూడ చూసిన, లారీలల్ల రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటది, మన కారు 12 బండి, దయచేసి ఆ పని చెయ్యకండి. ఇంకొకటి నీళ్ళు. 2023 జులైల మన దగ్గర వరదలొచ్చి కాలనీలల్ల కార్లు మునిగినప్పుడు, నీళ్ళు తగ్గంగనే ఆగలేక కీ ఆన్ చేసినోళ్ళవే ఎక్కువ కాలినయి. మునిగిన బండికి మొదటి పని బ్యాటరీ నెగటివ్ తీసుడు, కప్లర్లు ఇప్పి ఆరబెట్టి పిన్నులు కాంటాక్ట్ క్లీనర్ తోని కడిగినంకనే కీ.

మార్చుడు విషయానికొస్తే, పాత డబ్బా మీద స్టిక్కర్ ఫోటో తీసుకోండి, హార్డ్‌వేర్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు రెండూ కావాలె, ఒక్క అంకె తేడా ఉన్నా వేరే ఇంజిన్‌ది, వేరే గేర్‌బాక్స్‌ది, బీఎస్4 బీఎస్6 తేడాది కావొచ్చు. స్క్రాప్‌ల దొరికిన సెకండ్ హ్యాండ్ డబ్బా పెట్టంగనే బండి నడవదు, కీ లోపలి చిప్, ఇమ్మొబిలైజర్ (వేరే కీతోని బండి స్టార్ట్ కాకుండ ఆపేటిది), ఈసీఎం ఈ మూడూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలె, లేకపోతే స్టార్ట్ అయి ఒకటి రెండు సెకన్లకు ఆగిపోతది, లేకపోతే అసలే స్టార్ట్ కాదు. పాతదాని లోపలి డేటా చదవొస్తే దాన్ని అట్లనే సెకండ్ హ్యాండ్ దాంట్లకు ఎక్కిచ్చుడు మంచి పద్ధతి, దాన్నే క్లోనింగ్ అంటరు, ఖర్చు తక్కువ, కీ పెయిరింగ్ గొడవ చాలా వరకు ఉండదు. కొత్తది అయితే 17 అక్షరాల విన్ నంబరు (బండి ఛాసిస్ నంబరు) ఎక్కియ్యాలె, ఉన్న కీలన్నీ దగ్గర పెట్టుకోవాలె, ఒక కీ ఇంట్ల మర్చిపోతే అది తర్వాత పని చెయ్యకపోవచ్చు. డీజిల్ కామన్ రైల్ బండికి ఇంజెక్టర్ల మీద చెక్కిన కోడ్‌లు కూడ రాసుకొని ఎక్కియ్యాలె, వదిలేస్తే పొగ, ఐడిల్‌ల కొట్టుకునుడు.

ఇప్పేటప్పుడు కీ ఆఫ్ చేసి బయట పెట్టి, పది పదిహేను నిమిషాలు ఆగి, నెగటివ్ తీసి, చేతితోని బండి ఇనుము ఒకసారి తాకి స్టాటిక్ పోగొట్టుకొని డబ్బా పట్టుకోండి, పిన్నుల మీద వేలు పెట్టొద్దు. కప్లర్ లివర్ పూర్తిగ లేపితేనే గుంజండి. చిలుం ఉంటే కాంటాక్ట్ క్లీనర్, మెత్తటి బ్రష్ అంతే, ఎమరీ పేపర్ వాడితే పిన్ మీది పూత పోతది. ప్రోగ్రామింగ్ చేసేటప్పుడు బ్యాటరీకి సపోర్ట్ సప్లై పెట్టి 13 కన్నా ఎక్కువ ఉంచండి, లైట్లు, బ్లోయర్ అన్నీ ఆఫ్, మధ్యల కరెంటు పడిపోతే కొత్త డబ్బా అక్కడికక్కడ పనికిరాకుండ పోవచ్చు. ఇన్వర్టర్ లేని షెడ్డుల, వాన పడి కరెంటు పోయొస్తున్న పూట ఈ పని పెట్టుకోను నేను.

బిగించినంక కోడ్‌లన్నీ క్లియర్ చేసి, కంపెనీ చెప్పినట్టు థ్రాటిల్ లెర్నింగ్ (థ్రాటిల్ ఎక్కడ మూసుకుంటదో ఈసీఎంకు నేర్పుడు) చేసి, పది నిమిషాలు ఐడిల్‌ల ఉంచి, ఏసీ వేసి, చార్జింగ్ 13.8 నుంచి 14.5 మధ్య ఉందా చూసి, కాజీపేట దాక పోయొచ్చి మళ్ళ స్కాన్ చెయ్యండి. ఆ రాత్రి బండి అట్లనే వదిలేసి పొద్దుగాల చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేసి చూసినంకనే నేను ఓనర్‌కు తాళం ఇస్త, పాత డబ్బా కూడ ఆయనకే ఇచ్చేస్త.