పార్కులో కార్డుల వేట: 300 మంది పిల్లలకు సరిపడా ఎలా తయారుచేయాలి?

అమెరికాలోని ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ 2012 ఫిబ్రవరిలో 'సోర్సరర్స్ ఆఫ్ ది మ్యాజిక్ కింగ్‌డమ్' అనే ఆట మొదలుపెట్టింది. పార్కు టికెట్ ఉన్న ప్రతి ఒక్కరికీ రోజుకు ఐదు కార్డుల పొట్లం ఒకటి ఉచితం. పార్కులో అక్కడక్కడా దాచిన తెరల ముందు నిలబడి కార్డు చూపితే, కెమెరా దాన్ని గుర్తుపట్టి, తెరమీద విలన్ మీదకి ఆ మంత్రాన్ని వదిలేది. 2021 జనవరి చివర్లో దాన్ని మూసేశారు. ఆటలో ప్రధానమైన కార్డులు 70 రకాలు. అన్నీ సమానంగా దొరుకుతాయనుకున్నా, ఎవరితోనూ మార్చుకోకుండా మొత్తం సెట్ పూర్తి చేయాలంటే సగటున 300కి పైగా కార్డులు చేతికి రావాలి. రోజుకు ఐదు చొప్పున రెండు నెలలు దాటుతుంది! అందుకే ఆ ఆటలో తెరల మీద ఎంత ఆట నడిచిందో, కార్డులు మార్చుకోవడంలోనూ అంత నడిచింది. బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ కార్డులు పోగేసినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

అలాంటి ఆటను చిన్న పార్కులోనో, స్కూలు వార్షికోత్సవంలోనో, అపార్ట్‌మెంట్ సంబరాల్లోనో ఒక్క రోజుకు నడపాలంటే ఏం చేయాలో ఇక్కడ చూద్దాం. లెక్క 300 మంది పిల్లలకు. ఎక్కువమంది ముందు కెమెరా, కంప్యూటర్ గురించి ఆలోచిస్తారు. అవి చివర. ఆట చెడేది క్యూలోనూ, పొట్లాలు కట్టడంలోనూ.

ముందు క్యూ లెక్క

తెర, కెమెరా ఉన్న నాలుగు స్టాళ్లు, ఒక్కో పిల్లవాడు ఒక్కో స్టాల్ దగ్గర ఒకసారి ఆడతాడనుకుంటే మొత్తం 1200 ఆటలు. ఒక ఆటకు 90 సెకన్లు పడితే స్టాల్‌కు గంటకు 40, ఆరు గంటల్లో 240. నాలుగు స్టాళ్లకు కలిపి 960 మాత్రమే, అంటే 240 ఆటలు మిగిలిపోతాయి. అదే 60 సెకన్లకు కుదిస్తే గంటకు 60, నాలుగు స్టాళ్లకు రోజుకు 1440. రెండోసారి ఆడేవాళ్లకూ కొంత చోటు దొరుకుతుంది. కాబట్టి తెరమీద కథ 45 సెకన్లు దాటకూడదు. మిగతా 15 సెకన్లు ఒకరు తప్పుకుని ఇంకొకరు రావడానికి.

జనం ఆరు గంటలూ సమానంగా రారు, సాయంత్రం ఒక్కసారిగా వచ్చిపడతారు. పొట్లాల కవర్లను నాలుగు రంగుల కాగితం మీద 75 చొప్పున వేయించి, ఎర్ర కవరు వాళ్లు మొదటి స్టాల్‌తో, పచ్చ కవరు వాళ్లు రెండో స్టాల్‌తో మొదలుపెట్టాలని రాస్తే గేటు పక్క స్టాల్ దగ్గరే అందరూ పోగుపడరు. కవరు మీదే మ్యాపు, నాలుగు సున్నాలు వేయించండి. ఆడిన స్టాల్ దగ్గర ఆ సున్నాలో పంచ్ కొడితే చాలు. ఎవరు ఎక్కడ ఆడారో తెలుసుకోవడానికి డిస్నీ వాళ్లు ప్రతి ఆటగాడికీ వేరే తాళం కార్డు ఇచ్చారు. ఒక రోజు ఆటకు అంత హంగు దండగ.

నియమాలు

నిప్పు, నీరు, గాలి, మట్టి: నాలుగు గుణాలు. ఒక్కో స్టాల్‌లోని రాక్షసుడు ఒక్కో గుణానికి లొంగుతాడు. కార్డులు 24 రకాలు:

- మామూలువి 16, గుణానికి నాలుగు. ఒక్కోటి 1 పాయింట్.
- మధ్యరకం 5. నాలుగు ఒక్కో గుణానివి, ఐదోది రెండు గుణాలకు చెల్లుతుంది. ఒక్కోటి 2 పాయింట్లు.
- అరుదైనవి 3. ఏ గుణానికైనా చెల్లుతాయి, 2 పాయింట్లు.

ఆటగాడు ఒకసారి మూడు కార్డులు పెడతాడు. ఏ మూడు పెట్టినా మొదటి స్థాయి గెలవాలి. ఐదేళ్ల పిల్ల వచ్చి, కార్డులు పెట్టి, ఓడిపోయి వెళ్లిందంటే తప్పు నియమాలది. రెండో స్థాయికి ఆ స్టాల్ గుణంలో 3 పాయింట్లు కావాలి. పొట్లంలో నాలుగు గుణాల మామూలు కార్డులు ఒక్కొక్కటి, ఐదోది పై రకాల్లోది ఉంటుంది. ఒక గుణానికే చెల్లే మధ్యరకం వచ్చినవాడు దాన్ని అదే గుణం మామూలు కార్డుతో కలిపి ఒక స్టాల్‌లో సొంతంగా నెగ్గగలడు. మిగతా మూడు నెగ్గాలంటే కార్డులు మార్చుకోక తప్పదు. ఒకే కార్డు రెండు కాపీలు పెడితే ఒకటిగానే లెక్కించండి, లేకపోతే మార్చుకునే అవసరం సగం తగ్గిపోతుంది.

అరుదైన కార్డుకు 5 పాయింట్లు ఇవ్వాలని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఇవ్వకండి. అది దొరకనివాడు ఆటే మానేస్తాడు.

ప్రింటింగ్

కార్డు సైజు 63 × 88 మిల్లీమీటర్లు. కటింగ్‌లో అటూ ఇటూ జరిగినా తెల్ల అంచు కనబడకుండా చుట్టూ 3 మి.మీ. అదనంగా బొమ్మ ఉండాలి. అంటే ఫైలు 69 × 94 మి.మీ., 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర సుమారు 815 × 1110 పిక్సెళ్లు. 12 × 18 అంగుళాల షీటు మీద కార్డులను అడ్డంగా పడుకోబెడితే 18 పడతాయి, నిలువుగా పెడితే 16 మాత్రమే.

ఆ 18 అనే అంకె ఇక్కడ బాగా కలిసొస్తుంది. మొదటి రకం షీటులో 16 మామూలు కార్డులు ఒక్కొక్కటి వేసి, మిగిలిన రెండు గళ్లలో మళ్లీ రమ్మనే తగ్గింపు కూపను పెట్టండి. రెండో రకం షీటులో మధ్యరకం ఐదింటినీ మూడేసి సార్లు, అరుదైన మూడింటినీ ఒక్కొక్కసారి వేస్తే సరిగ్గా 18. మొదటిది 75 షీట్లు వేస్తే 1200 మామూలు కార్డులు, రెండోది 17 వేస్తే 306 పై రకాలు. సుమారు ఆరు పొట్లాలకు ఒక అరుదైన కార్డు తగులుతుంది. పాడయ్యేవాటికి కలిపి 80, 19 షీట్లు చెప్పండి. రెండు రకాలూ ఒకే రోజు ఒకే మిషన్ మీద వేయించాలి. రంగు కొంచెం తేడా పడినా, వెనకవైపు చూసే అరుదైన కార్డు ఏదో పిల్లలు చెప్పేస్తారు.

కాగితం 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు. లామినేషన్ మ్యాట్‌దే, అదీ రెండు వైపులా. ఒక్కవైపే చేయిస్తే కార్డు వంకర తిరుగుతుంది. గ్లాసీ చేయిస్తే దీపం వెలుగు దాని మీద మెరిసి కెమెరాకు గుర్తు కనబడదు. ఇంకో జాగ్రత్త: చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతో పాత సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే యూనికోడ్ తెలుగు అందులో తెరిస్తే ఒత్తులు ఊడిపోతాయి. అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా మార్చి, పీడీఎఫ్ మాత్రమే పంపండి.

పొట్లాలు కట్టడం

కట్ చేసి తెచ్చిన కట్టలను బల్ల మీద నాలుగు వరసల్లో పేర్చండి, వరసకు ఒక గుణం, వరసలో నాలుగు కట్టలు. నిలువుగా ఒక్కో కట్ట నుంచి ఒక్కో కార్డు తీస్తే ఒక పొట్లం. ఒక చుట్టుకు నాలుగు పొట్లాలు, 75 చుట్లకు 300. ప్రతి చుట్టు తర్వాత ఒక వరసను ఒక స్థానం పక్కకు జరపాలి: ఈసారి రెండో వరస, తర్వాత మూడోది, ఆపై నాలుగోది. కుడివైపు చివరి కట్ట ఎడమ చివరికి వస్తుంది. జరపకపోతే 300 పొట్లాల్లోనూ నాలుగే రకాల కలయికలు ఉంటాయి, అన్నాచెల్లెళ్లిద్దరికీ అవే నాలుగు కార్డులు వచ్చి ఏడుపులు మొదలవుతాయి. ఐదో కార్డు కట్టను మాత్రం పేక కలిపినట్టు బాగా కలపాలి. కట్టిన పొట్లాలను కూడా పెట్టెలో కలిపేయండి.

స్టాల్ లోపల

ఒక్కో స్టాల్‌కు రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, కెమెరా, మానిటర్, స్పీకరు, ఒక పంచ్. కార్డు బొమ్మను గుర్తుపట్టించడం కన్నా, మూలలో కెమెరా తేలిగ్గా చదివే నలుపు-తెలుపు గళ్ల 'ఆరూకో' గుర్తు వేయడం చాలా సులువు. కెమెరా చిత్రాలను చదివే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సీవీలో ఇది సిద్ధంగా ఉంటుంది. 4 × 4 గళ్ల సెట్‌లో 50 గుర్తులుంటాయి, మనకు 24 చాలు. నల్ల అంచుతో కలిపి గుర్తు అడ్డంగా ఆరు గళ్లు. దాన్ని 22 మి.మీ. సైజులో వేసి చుట్టూ కనీసం 4 మి.మీ. తెల్లగా వదలండి. డిజైనర్లు అందం కోసం ఆ తెలుపులోకి రంగు పాకిస్తారు, అప్పుడు కెమెరా పట్టుకోకపోవచ్చు.

కార్డును చేత్తో ఎత్తి చూపించే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది గానీ, చిన్న స్టాల్‌కు పనికిరాదు. చేయి వణుకుతుంది, వేలు గుర్తు మీద పడుతుంది, వెనక ఎండ ఉంటే కార్డు నల్లగా కనిపిస్తుంది. మూడు గాళ్లున్న చెక్క పళ్లెం చేయించి, 40 సెం.మీ. పైనుంచి కెమెరా కిందికి చూసేలా బిగించండి. 60 డిగ్రీల లెన్సుకు ఆ దూరంలో సుమారు 46 సెం.మీ. వెడల్పు కనబడుతుంది. మూడు కార్డులు 19 సెం.మీ.లో ఇమిడిపోతాయి. 1280 పిక్సెళ్ల వెడల్పు చిత్రంలో ఒక్కో గడికి పది పిక్సెళ్లు వస్తాయి, ధారాళంగా సరిపోతుంది. ఎల్ఈడీ దీపం కెమెరా పక్కన కాదు, పళ్లేనికి ఒక పక్క నుంచి ఏటవాలుగా పెట్టాలి.

ప్రోగ్రాంలో ఒకే గుర్తు వరసగా పది ఫ్రేముల్లో కనిపిస్తేనే కార్డు పెట్టినట్టు లెక్క. పళ్లెం ఖాళీ అయ్యాకే తర్వాతి ఆట మొదలవ్వాలి, లేకపోతే ఒకరు మరిచిపోయిన కార్డులతో ఇంకొకరు గెలుస్తారు. ఫోన్‌లో కార్డు ఫొటో పెట్టినా కెమెరా ఒప్పుకుంటుంది. దానికి సాఫ్ట్‌వేర్ మందు వెతక్కండి, పంచ్ కొట్టే మనిషి ఎలాగూ పక్కనే ఉంటాడు.

కరెంటు విషయంలో రెండు జాగ్రత్తలు. పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. మామూలు ఫోన్ చార్జరు, పొడుగు కేబులు వాడితే తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది, బోర్డు నెమ్మదిస్తుంది. జనరేటర్ మార్చేటప్పుడు కరెంటు టక్కున పోతే ఎస్‌డీ కార్డు పాడవ్వొచ్చు. బోర్డు సెట్టింగులు మార్చే రాస్పి-కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే బోర్డు ఎస్‌డీ కార్డు మీద ఏమీ రాయదు కాబట్టి ఆ బెడద తగ్గుతుంది. అయినా నకలు తీసిన ఎస్‌డీ కార్డు ఒకటి జేబులో ఉంచుకోండి.

పాటలు మోగే చోట స్పీకరులో రాక్షసుడి డైలాగ్ ఎవరికీ వినబడదు. ఎన్ని పాయింట్లు వచ్చాయో, ఇంకా ఏ గుణం కావాలో తెరమీద పెద్ద అక్షరాల్లో పడాలి.

చివరగా, స్టాళ్లకు దూరంగా, నీడలో ఒక బల్ల వేసి 'కార్డులు మార్చుకునే చోటు' అని బోర్డు పెట్టండి. స్టాల్ ముందే మార్చుకోవడం మొదలైతే 60 సెకన్ల లెక్క గంగలో కలుస్తుంది. అదనంగా వేయించిన షీట్ల కార్డులు ఆ బల్ల దగ్గరే ఉంచి, రెండు రిపీట్లు ఇచ్చినవాళ్లకు కావలసిన మామూలు కార్డు ఒకటి ఇవ్వండి.