ఇంట్లో వాడే యాంటీబాడీ టెస్ట్ కిట్: విశాఖలో తయారుచేసి అనుమతి తెచ్చుకోవాలంటే

మీరు తయారుచేసిన టెస్ట్ స్ట్రిప్ మీద ఫలితం చూపే గీత వచ్చేసింది కదా అని చాలామంది నేరుగా లైసెన్స్ ఫారాల మీద పడతారు. ఆగండి. ముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఈ టెస్ట్ ఎవరు చేసుకోవాలి, ఏ జబ్బుకి, జబ్బు మొదలైన ఎన్నాళ్లకి, ఫలితం చూశాక ఎక్కడికి వెళ్లాలి. ఇన్ఫెక్షన్‌తో పోరాడటానికి ఒంట్లో పుట్టే ప్రోటీన్లే యాంటీబాడీలు, అవి తయారవడానికి టైమ్ పడుతుంది. డెంగీలో ఐజీఎం అనే మొదట వచ్చే యాంటీబాడీ సాధారణంగా జ్వరం మొదలైన నాలుగైదు రోజులకి గానీ కనబడదు, చాలాకాలం ఉండిపోయే ఐజీజీ అయితే ఎప్పుడో వచ్చి తగ్గిన ఇన్ఫెక్షన్‌ది కూడా కావచ్చు. అలాంటప్పుడు "రెండో రోజే తేల్చుకోండి" అని డబ్బా మీద వేస్తే జనాన్ని మోసం చేసినట్టే.

ఆ రాసుకున్నదాన్ని బట్టే మీ కిట్ క్లాస్, అంటే ప్రమాద స్థాయిని బట్టి ఏ నుంచి డీ వరకు ఇచ్చే వర్గం, తేలుతుంది. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం సొంతంగా చేసుకునే టెస్టులు ఎక్కువగా క్లాస్ సీలోకి వస్తాయి, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ లాంటివి క్లాస్ డీ. ఈ రెండింటికీ లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం కాదు, ఢిల్లీలోని సీడీఎస్‌సీఓ, అంటే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ.

తయారీలో మన ఊరి గాలిని తక్కువ అంచనా వేయొద్దు. స్ట్రిప్‌లో గీత కనబడే పలచటి పొర, అంటే నైట్రోసెల్యులోజ్ మెంబ్రేన్, తేమ పీల్చుకుంటే రక్తం పాకే వేగం మారుతుంది, గీత మసకబారుతుంది. అందుకే స్ట్రిప్పులు కోసి పౌచ్‌లో సీల్ చేసే గదిలో తేమ బాగా తక్కువ ఉండాలి, ప్రతి పౌచ్‌లో తేమ పీల్చే డెసికెంట్ పొట్లం పడాలి. కిట్ ఎన్నాళ్లు పాడవకుండా ఉంటుందో చూసే స్టెబిలిటీ టెస్ట్ ఏసీ గదిలో ఉంచి చేస్తే చాలదు, మే నెలలో గాజువాక మందుల షాపు అలమరలో కిట్ ఎలా ఉంటుందో ఆ వేడి, ఆ తేమ పెట్టి చూడాలి. క్రాస్ రియాక్షన్, అంటే వేరే జబ్బు యాంటీబాడీలకి కూడా గీత రావడం, ఉందేమో చూడటం కూడా తప్పదు, డెంగీ కిట్ అయితే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వచ్చినవాళ్ల శాంపిళ్ల మీద తప్పకుండా పరీక్షించండి.

అసలు కష్టం మనుషుల చేతుల్లో ఉంది. అమెరికాలో 2012లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంట్లో చేసుకునే ఓరాక్విక్ హెచ్ఐవీ టెస్ట్‌కి అనుమతి ఇచ్చినప్పుడు మామూలు జనం చేతుల్లో దాని సెన్సిటివిటీ 92 శాతమే, అంటే ఇన్ఫెక్షన్ ఉన్న ప్రతి 12 మందిలో దాదాపు ఒకరికి నెగెటివ్ చూపించింది. కాబట్టి నర్సులతో కాకుండా, వేలు పొడిచే సూది లాన్సెట్‌ని ఎప్పుడూ పట్టుకోనివాళ్లతో చేయించండి. తెలుగు సూచనల కాగితం చేతికిచ్చి, మీరు పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడండి. వేలు పొడుచుకుని గట్టిగా పిండుతున్నారా, రక్తంతో కలపాల్సిన బఫర్ ద్రవం రెండు చుక్కలంటే సీసా నొక్కి నాలుగు వేసేస్తున్నారా, పదిహేను నిమిషాలకి చూడాల్సింది వంట పనిలో పడి గంటకి చూసి, ఆరిపోయాక తేలిన గీతని పాజిటివ్ అనుకుంటున్నారా, ఒక్కోటీ రాసుకుని బొమ్మలూ డ్రాపరూ మార్చండి. "వాళ్లకి చదవడం రాలేదు" అంటే కుదరదు, తప్పు మన కాగితానిదే.

ఇంకో లెక్క చూడండి. సెన్సిటివిటీ (ఉన్నవాళ్లని పట్టుకోవడం), స్పెసిఫిసిటీ (లేనివాళ్లకి నెగెటివ్ చూపడం) రెండూ 95 శాతం ఉన్న కిట్‌ని 2000 మంది వాడారు, అందులో నిజంగా యాంటీబాడీలు ఉన్నవాళ్లు 100 మంది అనుకుందాం. కిట్ అందులో 95 మందిని పట్టుకుంటుంది, లేని 1900 మందిలో కూడా 95 మందికి పాజిటివ్ చూపిస్తుంది. వచ్చిన పాజిటివ్‌లలో సగానికి సగం తప్పు! అందుకే "పాజిటివ్ వస్తే ల్యాబ్‌లో నిర్ధారించుకోండి" అనే మాట కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇక కాగితాల పని. పరీక్షల కోసం కిట్లు చేయడానికి ముందు ఎండీ-12 ఫారంలో అప్లై చేస్తే ఎండీ-13 అనే టెస్ట్ లైసెన్స్ వస్తుంది. ఇలాంటి కిట్ దేశంలో ఇంతకుముందు లేకపోతే క్లినికల్ పెర్ఫార్మెన్స్ ఇవాల్యుయేషన్‌కి, అంటే రోగుల శాంపిళ్ల మీద కిట్ పనితీరు చూడటానికి, ఎండీ-24 ఫారం పెట్టాలి, రోగుల శాంపిళ్లు వాడే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, మన దగ్గర కేజీహెచ్, ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉన్నాయి కాబట్టి అక్కడి మైక్రోబయాలజీ డాక్టర్లతో ముందే మాట్లాడుకోండి. తర్వాత ఎండీ-7 అప్లికేషన్, ఫ్యాక్టరీ తనిఖీ, అన్నీ సరిగ్గా ఉంటే ఎండీ-9 లైసెన్స్. క్వాలిటీ రికార్డులు వైద్య పరికరాల నాణ్యతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 13485 పద్ధతిలో మొదటి రోజు నుంచే రాయండి, తనిఖీకి ముందు కూర్చుని పుట్టించినవి ఇట్టే తెలిసిపోతాయి. సొంత ఫ్యాక్టరీ కట్టే స్తోమత లేకపోతే నడుపూరు దగ్గరున్న ఏఎంటీజెడ్ (ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్)లో అడగండి, వైద్య పరికరాల కోసమే పెట్టిన జోన్ అది.

లైసెన్స్ వచ్చాక మెంబ్రేన్ చవగ్గా దొరికిందని మార్చేయకండి. పనితీరు మీద ప్రభావం చూపే మెటీరియల్‌నీ, వాడకం ఉద్దేశాన్నీ మార్చాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, చిన్న మార్పులైతే 30 రోజుల్లో తెలియజేయాలి.