జెజు దీవిలో భోజనం – 3వ పాఠం: పేరు చివర చూడండి

మొదటి పాఠంలో కొరియన్ అక్షరాలు కూడబలుక్కున్నాం. రెండో పాఠంలో మనుషుల లెక్క నేర్చుకున్నాం: హన్ మ్యొంగ్, తు మ్యొంగ్, సే మ్యొంగ్. అంటే ఒకరు, ఇద్దరు, ముగ్గురు. అవి ఇంకా నోటికి రాకపోతే ఓసారి పైకి చదివి రండి. ఈ పాఠం అయ్యేసరికి దక్షిణ కొరియా దీవి జెజులో ఏ హోటల్ బోర్డు ముందు నిలబడ్డా, లోపల ఏం వండుతారో మీరే చెప్పగలగాలి.

చేపల పులుసు, రొయ్యల వేపుడు, గోంగూర పచ్చడి. మన పేర్లలో ముందు మాట సరుకు, చివరి మాట వండే తీరు. కొరియన్ వంటల పేర్లు చాలావరకు ఇలాగే కడతారు. అందుకే మనకు ఇది తేలిక. ముందు చివరి మాట పట్టుకోండి, సరుకు సంగతి తర్వాత.

సముద్రపు సరుకంతా కలిపి హేముల్. రొయ్యలు, పీతలు, ఆలుచిప్పలు, ఆక్టోపస్ అన్నీ అందులోకే వస్తాయి. హేముల్‌థాంగ్ అంటే వాటితో కాచిన పులుసు. చాలా చోట్ల ఎర్రగా, కారంగా ఉంటుంది. హేముల్ జొన్‌గోల్ అంటే వెడల్పాటి లోతు తక్కువ గిన్నెలో సరుకంతా అందంగా పేర్చి తెచ్చి, మీ బల్ల మీద పొయ్యి వెలిగించి, మీ కళ్ళ ముందే ఉడికించేది. హాట్‌పాట్ అని మనం వెతికేది దీన్నే. అయితే జెజులో థాంగ్ కూడా తరచూ బల్ల మీదే ఉడుకుతుంది కాబట్టి ఈ రెండింటి మధ్య గీత మరీ గట్టిది కాదు. హేముల్ త్తుక్పెగి మాత్రం వేరు. మట్టికుండలో వంటింట్లోనే కాచి, సలసల మరుగుతుండగా ఒక్కో మనిషికి ఒక్కో కుండ తెచ్చిపెడతారు. జెజులో అందులో సోయా ముద్ద కలుపుతారు. దాని పేరు త్వెన్‌జాంగ్.

ఈ తేడా నాకు ఆకలి మీద తెలిసింది. మొదటిసారి దీవి దక్షిణ తీరంలోని సొగ్విపో ఊళ్ళో ఒక్కడినే జొన్‌గోల్ కోసం కూర్చున్నాను. వడ్డించే ఆవిడ రెండు వేళ్ళు చూపించి తల అడ్డంగా ఊపింది. మెనూలో "ఇ ఇన్‌బున్ ఇసాంగ్" అని ఉందని, అంటే కనీసం ఇద్దరి వాటా తీసుకోవాలని, బయటికి వచ్చాక గానీ అర్థం కాలేదు. పక్క వీధిలో త్తుక్పెగి అడిగితే ఐదు నిమిషాల్లో కుండ వచ్చింది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: త్తుక్పెగి.

జొన్‌గోల్ ధర పక్కన సో, జుంగ్, దే అని ఉంటుంది. చిన్నది, మధ్యరకం, పెద్దది. మామూలుగా ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి సరిపోతాయి. అంకె బదులు శిగా అని ఉంటే ఆ రోజు మార్కెట్ ధర అని అర్థం. కూర్చోకముందే అడగండి, మొహమాటం అక్కర్లేదు.

ఇప్పుడు గిన్నె దగ్గరికి వద్దాం. పైన పేర్చిన ఆబలోన్లను, అంటే ఒకే చిప్ప ఉండే పెద్ద సముద్రపు నత్తలను, కొరియాలో జొన్‌బోక్ అంటారు. చిప్పతో సహా తెస్తారు. మంట తగలగానే వాటి కండ మెల్లగా మెలికలు తిరుగుతుంది. చూడలేనివాళ్ళు ఆ నిమిషం తల తిప్పుకోండి, తప్పేం లేదు. చాలా చోట్ల హోటల్ ఆవిడే కత్తెర, పటకారు పట్టుకుని వచ్చి ఆక్టోపస్‌ను ముక్కలు కత్తిరిస్తుంది. ఆవిడ చెప్పేదాకా గరిటె పెట్టకండి. ఆక్టోపస్, ఆబలోన్ ముందు తినాలి, ఎక్కువ ఉడికితే రబ్బరులా సాగుతాయి. పీతల్ని ఆఖరికి ఉంచండి, పులుసుకి రుచంతా వాటి నుంచే వస్తుంది. ఎంత ఉడికినా నోరు తెరవని ఆలుచిప్పని పక్కన పడేయండి.

పులుసు ఇగిరిపోతుంటే "యుక్సు తొ జుసేయో" అనండి, ఇంకాస్త రసం పోస్తారు. చివర్లో సారి అంటే నూడుల్స్. అవి అడుగున మిగిలిన రసంలో వేసుకుంటారు. కొన్ని చోట్ల అన్నం వేసి వేయించి ఇస్తారు, అది పొక్కుమ్‌బాప్. నా మట్టుకు నాకు జొన్‌గోల్ మొత్తంలో ఇదే ఇష్టం. అడుగంటిన అన్నం గీరుకుని తినే అలవాటు ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పాలా!

పక్క బల్ల వాళ్ళు పొగలు కక్కే పులుసు తాగి "షివొన్‌హాదా" అంటారు. మాటకి అర్థం చల్లగా ఉంది అని. వేడి రసం గొంతు దిగి ఒళ్ళు తేలికపడినప్పుడు వాళ్ళు వాడే మాట అది. మీరూ అనండి, వడ్డించే ఆవిడ ముఖం వెలిగిపోతుంది.

ఒక జాగ్రత్త. మెనూలో ఛాదోల్ అని కనిపిస్తే అది గొడ్డుమాంసం. సముద్రపు జొన్‌గోల్‌లో కూడా కొన్ని చోట్ల వేస్తారు. తినని వాళ్ళు "సోగోగి ప్పె జుసేయో" అని ముందే చెప్పాలి. పేరు చివర హ్వే అని ఉంటే మామూలుగా పచ్చి చేప. ముల్‌హ్వే అంటే చల్లటి పులుసులో పచ్చి చేప ముక్కలు.

ఇక ఎక్కడ తినాలి? జెజు నగరంలో అయితే తొంగ్మున్ మార్కెట్‌తో మొదలుపెట్టండి. సరుకు పేర్లు కళ్ళతో చూసి నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు. సొగ్విపో వైపు కల్‌ఛి జొరిమ్ తినాలి. కల్‌ఛి అంటే మన రేవుల్లో రిబ్బన్ ఫిష్ అనే పొడవాటి వెండి చేప. జొరిమ్ అంటే కారంతో దగ్గరగా ఇగిర్చిన కూర. ముల్లంగి, బంగాళాదుంప వేస్తారు. అన్నంలో కలుపుకుంటే మనకి కొత్తగా ఏమీ అనిపించదు. చలికాలంలో వెళ్తే నైరుతి మూల మొసుల్‌పో రేవులో పాంగొ అనే చేప పచ్చిగా తింటారు.

తూర్పున సొంగ్సాన్ కొండ దగ్గరికి మాత్రం తప్పకుండా వెళ్ళాలి. ఆ తీరంలో హేన్యోల ఇళ్ళు అని బోర్డులున్న హోటళ్ళుంటాయి. హేన్యో అంటే ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి పది మీటర్ల లోతుకి మునిగి ఆబలోన్లు, సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్లు) ఏరుకొచ్చే ఆడవాళ్ళు. 2016లో యునెస్కో వాళ్ళ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. చాలామంది పెద్ద వయసు వాళ్ళే. నీళ్ళ పైకి వచ్చినప్పుడు ఈల లాంటి శబ్దంతో ఊపిరి వదులుతారు, దాన్ని సుంబిసోరి అంటారు. కొండ కింద ఒడ్డున కూర్చుంటే వినబడుతుంది. అక్కడ జొన్‌బోక్‌జుక్ తినండి. జుక్ అంటే జావ. ఆబలోన్ లోపలి భాగం కూడా వేస్తారు కాబట్టి ఆకుపచ్చగా ఉంటుంది. ఆ రంగు చూసి వెనక్కి పంపకండి.

వాళ్ళని పిలిచేటప్పుడు "సామ్‌ఛున్" అనండి. జెజు యాసలో పెద్దవాళ్ళని, ఆడా మగా తేడా లేకుండా, అలా పిలుస్తారు. మామూలు హోటళ్ళలో వడ్డించే ఆవిడని "ఇమో" అంటారు, పిన్ని అని. మనం ఊరి హోటల్లో పిలిచినట్టే.

మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా చాలా హోటళ్ళు మూసేస్తారు. కొండ ఎక్కి దిగి నాలుగింటికి ఆకలితో చేరితే తలుపు వేసి ఉంటుంది. దారి చూసుకోవడానికి నేవర్ మ్యాప్ అనే కొరియన్ యాప్ పెట్టుకోండి, పని వేళలు కూడా అందులో ఉంటాయి.

అభ్యాసం: హన్‌ఛి ముల్‌హ్వే, ఒక్తోమ్‌గుయి, సొంగ్గె మియొక్‌గుక్, జొన్‌బోక్ త్తుక్పెగి. హన్‌ఛి ఒక రకం స్క్విడ్, ఒక్తోమ్ ఎర్రటి చేప, సొంగ్గె సముద్రపు ముళ్ళకాయ, మియొక్ నాచు. గుయి అంటే కాల్చినది, గుక్ అంటే పల్చటి చారు. నాలుగింటికీ తెలుగు పేర్లు రాయండి. ఏది పచ్చిది, ఏది ఒంటరిగా వెళ్ళినా ధైర్యంగా అడగొచ్చో గుర్తు పెట్టండి. జవాబులు 4వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠం చేపలు ముట్టని వాళ్ళ కోసం.