పార్లర్ కంప్యూటర్, 4వ పాఠం: డబ్బా మీది చిన్నక్షరాలను పద్దులోకి ఎక్కించడం

పోయిన పాఠంతో తెలుగు టైపింగ్ దాకా వచ్చాం. మీ పాత డెస్క్‌టాప్‌లో ఇప్పుడు జుబుంటు అనే లినక్స్ ఉంది, దాని ఎక్స్‌ఎఫ్‌సీఈ తెర వస్తోంది, కీబోర్డు తెలుగుకూ ఇంగ్లిషుకూ మారుతోంది. ఈ మూడింటిలో ఏదైనా ఇంకా కుదరకపోతే ముందు అది చూసుకుని రండి. ఈ పాఠానికి అవన్నీ కావాలి.

మాఘమాసం ముహూర్తాలప్పుడు పార్లర్‌లో నిలబడటానికి జాగా ఉండదు. అప్పుడే ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని, ‘పోయినసారి పెట్టిన దానికి పెదాలు దురద పెట్టినయి అక్కా, అది మాత్రం వద్దు’ అంటారు. పోయినసారి పెట్టింది ఏది? అందులో ఏముంది? మిగతా డబ్బాల్లో అదే సరుకు ఎన్నింటిలో ఉంది? ఫోన్ తీసి నెట్‌లో వెతుకుతూ కూర్చుంటే అవతల ముహూర్తం దాటిపోతుంది. మన పద్దు మన దగ్గరే ఉండాలి, రెండు క్లిక్కుల్లో తెరుచుకోవాలి. ఈ పాఠమంతా అందుకే.

ముందు డబ్బా చదవడం

మన దేశంలో మేకప్ సామానుకు 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, ఎప్పటిలోగా వాడాలో ఉండాలి. ‘ఇంగ్రీడియెంట్స్’ అని మొదలుపెట్టి పదార్థాల జాబితా కూడా ఇవ్వాలి. ఆ జాబితాకు ఒక వరస ఉంది. 1 శాతం కంటే ఎక్కువ ఉన్నవన్నీ ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. 1 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవి ఆ తర్వాత వస్తాయి, వాటికి వరస పట్టింపు లేదు.

అయితే ఆ 1 శాతం గీత ఎక్కడ పడిందో డబ్బా మీద చెప్పరు. దానికి ఒక కిటుకు ఉంది. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్, అంటే సరుకు పాడవకుండా కాపాడేది, చాలా క్రీముల్లో, ఫౌండేషన్లలో కనిపిస్తుంది. ఐరోపా నిబంధనల ప్రకారం దాన్ని 1 శాతానికి మించి వేయకూడదు, పెద్ద కంపెనీలు ఆ లెక్కనే పాటిస్తాయి. కాబట్టి జాబితాలో ఫినాక్సీఇథనాల్ తర్వాత కనిపించేవన్నీ 1 శాతం లోపువే అనుకోవచ్చు. డబ్బా ముందువైపు ఇంత కుంకుమపువ్వు బొమ్మ వేసి, వెనక ఫినాక్సీఇథనాల్ దాటాక ఎక్కడో చివర క్రోకస్ సటైవస్ అని కుంకుమపువ్వు శాస్త్రీయ నామం రాస్తే, ఆ పువ్వు ఏపాటి పడిందో మీకే తెలిసిపోతుంది.

ఒక ఫౌండేషన్ జాబితా ఇలా ఉందనుకోండి: ఆక్వా, సైక్లోపెంటాసిలోక్సేన్, గ్లిజరిన్, టైటానియం డయాక్సైడ్, టాల్క్, ఫినాక్సీఇథనాల్, పర్ఫ్యూమ్, లినలూల్. దాని తర్వాత ప్లస్, మైనస్ గుర్తులు, ఆపైన సి.ఐ. (రంగులకు ఇచ్చే నంబరు) 77491, 77492, 77499. ఆక్వా అంటే నీళ్లు. సైక్లోపెంటాసిలోక్సేన్ రాయగానే జారుతూ ఆరిపోయే సిలికోన్. చివరి మూడు నంబర్లు ఐరన్ ఆక్సైడ్లు: ఎరుపు, పసుపు, నలుపు. మనిషి రంగుకు తగ్గ షేడ్ వచ్చేది ఈ మూడింటి పాళ్లు మార్చడం వల్లే. లినలూల్ సువాసనలో ఒక భాగం. సువాసన మొత్తాన్ని పర్ఫ్యూమ్ అనే ఒక్క మాటలో దాచేయవచ్చు కానీ, ఎలర్జీ ఎక్కువగా తెచ్చే కొన్నింటిని ఐరోపాలో పేరుపెట్టి రాయాలి. అందుకే అక్కడికి కూడా అమ్మే సరుకు మీద లినలూల్, లిమొనీన్, జెరానియాల్ లాంటి పేర్లు విడిగా కనిపిస్తాయి.

ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర కాస్త ఆగండి. ‘ఉండవచ్చు’ అని దాని అర్థం. లిప్‌స్టిక్ కంపెనీ ఇరవై షేడ్లకూ కలిపి ఒకే జాబితా అచ్చు వేస్తుంది. మీ చేతిలో ఉన్న షేడ్‌లో ఆ రంగు ఉందో లేదో దాన్ని చూసి చెప్పలేం. పడని మనిషికి మాత్రం ఉన్నట్టే లెక్కేసుకోవాలి. అక్కడ సి.ఐ. 75470 ఉంటే అది కార్మైన్, కొచినీల్ అనే పురుగు నుంచి తీసే ఎరుపు. ఎలర్జీ సంగతి అటుంచి, పక్కా శాకాహారులు ఇది తెలిస్తే వద్దంటారు. అడిగితే దాచకుండా చెప్పండి. లిప్ బామ్‌లలో కనిపించే లనోలిన్ గొర్రె ఉన్నిలోని జిడ్డు. పాలమూరు వైపు గొంగళ్లు నేసే ఇళ్లలో పచ్చి ఉన్ని పట్టుకున్నప్పుడు చేతికి అంటేది అదే.

నిబంధనల్లో ఒక సందు కూడా ఉంది. 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకూ, 30 గ్రాముల లోపు ఘన పదార్థాలకూ పదార్థాల జాబితా తప్పనిసరి కాదు. లిప్‌స్టిక్ ఎంత, నాలుగు గ్రాములు ఉంటే ఎక్కువ. కాటుక అంతకంటే తక్కువ. పెదాలకూ కళ్లకూ పెట్టే వాటికే జాబితా లేకపోయినా చట్టం ఏమీ అనదన్నమాట. మంచి కంపెనీలు అట్ట పెట్టె మీదో, తమ వెబ్‌సైట్‌లోనో ఇస్తాయి. అందుకే పెట్టె పారేయక ముందే ఫోటో తీసుకోండి. పెట్టె మీదా సైట్‌లోనూ కూడా లేకపోతే, పడని కస్టమర్లకు ఆ వస్తువు వాడకండి.

జుట్టు రంగు, నల్ల మెహందీ

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలను అనుకుంటే ఇదే పెట్టుకోండి. పారా ఫినైలీన్ డయామీన్, పొట్టిగా పీపీడీ. నల్ల హెయిర్ డైలలో ఎక్కువగా ఉండేది ఇదే. పడనివాళ్లకు ముఖం వాచిపోతుంది, చర్మం పొక్కులెత్తుతుంది. ఒకసారి ఎలర్జీ మొదలైందంటే అది పోదు, మళ్లీ తగిలినప్పుడల్లా తిరగబెడుతుంది. జాబితాలో ఇది సి.ఐ. 76060 అని నంబరు రూపంలో కూడా ఉండవచ్చు. టోలుయీన్ డయామీన్ అని ఇంకొకటి ఉంది. పీపీడీ పడని చాలామందికి అదీ పడదు.

ఇది ఉన్న డై మీద ‘ముందుగా పరీక్ష చేయాలి, కనుబొమలకూ రెప్పలకూ వాడకూడదు, చూపు పోవచ్చు’ అనే హెచ్చరిక స్థానిక భాషలో కూడా ఉండాలని రూల్. పరీక్ష కష్టమేమీ కాదు. చెవి వెనకో, మోచేతి లోపలి వైపో కొంచెం చోటు శుభ్రం చేసి, రంగు చుక్క పెట్టి ఆరనిచ్చి 24 గంటలు ఆగాలి. పెళ్లి రేపనగా వచ్చి రంగేయమంటే ఆ 24 గంటలు ఎక్కడివి? అందుకే పెళ్లి బుకింగ్ తీసుకున్న రోజే పరీక్ష చేయడం అలవాటు చేసుకోండి.

మెహందీ కోన్‌ల సంగతీ ఇంతే. గోరింటాకు ఆకులో రంగునిచ్చేది లాసోన్, అది నారింజ నుంచి ముదురు ఎరుపు దాకా పండుతుంది. పది నిమిషాల్లో నల్లగా పండే కోన్‌లో గోరింటాకు ఒక్కటే ఉండదు. దాని మీద జాబితా లేకపోతే వాడవద్దనే నా మాట, కస్టమర్ ఎంత అడిగినా సరే.

జాబితాలో ఎప్పటికీ కనిపించనివి

నల్లగొండ వాళ్లకు పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒక పాలు) అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లెక్కలు వింటూ పెరిగాం. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే 1.5 పీపీఎం. ముఖానికి రాసే క్రీముల్లో అనుకోకుండా కలిసే పాదరసానికి మన రూల్స్ పెట్టిన హద్దు 1 పీపీఎం. కంటి మేకప్‌కు మాత్రం 70 పీపీఎం దాకా వదిలారు. సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలను రంగు కోసం వాడటం పూర్తిగా నిషేధం.

పాదరసం కలిపి తెల్లబరిచే క్రీము చేసేవాడు ఆ సంగతి డబ్బా మీద రాయడు. కాబట్టి ఇక్కడ చూడాల్సింది పదార్థాల జాబితా కాదు. చిరునామా ఉందా, లైసెన్సు నంబరు ఉందా, బ్యాచ్ నంబరు ఉందా? చెర్వుగట్టు జాతరలో కొన్నా, సిటీలో పెద్ద షాపులో కొన్నా ఈ మూడూ లేని ఫెయిర్‌నెస్ క్రీము పార్లర్ గుమ్మం దాటకూడదు. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని రాసి ఉంటే అది మేకప్పే కాదు, స్టీరాయిడ్ మందు. డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సింది.

పదార్థాలకు మార్కులు వేసే యాప్‌లు ఉన్నాయి కదా అంటారు. చూడండి, తప్పు లేదు. కానీ ఎంత మోతాదులో ఉందో, ఎవరి చర్మానికో యాప్‌కు తెలియదు. పారాబెన్ అనే ప్రిజర్వేటివ్ లేదని గొప్పగా రాసి, దాని బదులు మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే ఇంకో ప్రిజర్వేటివ్ వేసిన సరుకు కొంత వచ్చింది. చర్మం మీద అలాగే ఉంచే క్రీముల్లో ఐరోపా నిషేధించింది ఈ రెండోదాన్ని. మార్కుల కంటే మీ కస్టమర్లకు ఏది పడలేదో రాసిన మీ పద్దే ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పుడు కంప్యూటర్

హోమ్ ఫోల్డర్‌లో ‘సామాను’ అని ఒక ఫోల్డర్, అందులో పెదాలు, కళ్లు, ముఖం, జుట్టు అని నాలుగు ఫోల్డర్లు చేయండి.

మౌస్‌ప్యాడ్ అనే టైపు చేసే ప్రోగ్రాం తెరిచి ఈ శీర్షికలు టైపు చేయండి, ఒక్కో వరసకు ఒక్కోటి: పేరు, షేడ్. బ్యాచ్ నంబరు. ఎప్పటిలోగా వాడాలి. మూత తీసిన తేదీ. 1 శాతం పైన. 1 శాతం కింద. ఉండవచ్చు. ఎవరికి పడలేదు. మూత తీసిన తేదీ ఎందుకంటే, డబ్బా మీద తెరిచిన మూత బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటుంది. తెరిచాక అన్ని నెలలే వాడాలని దానర్థం. ఈ ఫైలును హోమ్‌లోని టెంప్లేట్స్ ఫోల్డర్‌లో సేవ్ చేయండి. ఇకనుంచి ఏ ఫోల్డర్‌లోనైనా రైట్ క్లిక్ చేసి క్రియేట్ డాక్యుమెంట్ అంటే ఈ ఖాళీ ఫారం దొరుకుతుంది. ఒక్కో డబ్బాకు ఒక్కో ఫైలు.

పదార్థాల పేర్లు మాత్రం డబ్బా మీద ఉన్నట్టే ఇంగ్లిషులో, అన్నీ చిన్నక్షరాల్లో టైపు చేయండి. తెలుగులో రాస్తే ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా రాస్తాం, వెతికితే దొరకదు. ఒకే సరుకుకు రెండు పేర్లుంటే, ఉదాహరణకు పర్ఫ్యూమ్ అనీ ఫ్రాగ్రెన్స్ అనీ, రెండూ రాసేయండి. మీ మాటలు, ఎవరికి పడలేదన్న వివరం తెలుగులో పెట్టుకోవచ్చు. ఆ వరసలో కస్టమర్ల సంగతులు ఉంటాయి కాబట్టి కుర్చీ దగ్గరికి వెళ్లేటప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎల్ నొక్కి తెరకు తాళం వేయండి.

చిన్నక్షరాలు కంటికి ఆనకపోతే ఫోన్‌తో ఫోటో తీసి, కేబుల్‌తో కంప్యూటర్‌లోకి తెచ్చి, ఫోటోలు చూపించే రిస్ట్రెటోలో తెరవండి. దాన్ని పట్టుకుని తెర ఎడమ అంచుకు లాగితే సగం తెరలో సర్దుకుంటుంది. మౌస్‌ప్యాడ్‌ను కుడి అంచుకు లాగండి. ఇటు చూస్తూ అటు టైపు చేయవచ్చు. ఆల్ట్ నొక్కి మౌస్ చక్రం తిప్పితే తెర మొత్తం పెద్దదవుతుంది. కాకపోతే దానికి విండో మేనేజర్ ట్వీక్స్‌లో కంపోజిటింగ్ ఆన్‌లో ఉండాలి. పాత కంప్యూటర్‌లో వేగం కోసం దాన్ని ఆపేయమని చాలామంది చెబుతారు, నేనూ ఆపేయమనే అంటాను. ఫోటోను రిస్ట్రెటోలోనే పెద్దది చేసుకుంటే సరిపోతుంది.

ఇక ప్యానెల్. తెర పైన ఉండే పట్టీ మీద రైట్ క్లిక్ చేసి ప్యానెల్, యాడ్ న్యూ ఐటమ్స్‌లోకి వెళ్లి డైరెక్టరీ మెనూ ఎంచుకోండి. దాని ప్రాపర్టీస్‌లో ‘సామాను’ ఫోల్డర్ చూపించండి. ఇక్కడే అందరూ ఆగిపోతారు: మెనూలో ఫోల్డర్లు కనిపిస్తాయి, ఫైళ్లు కనిపించవు. ఫైల్ ప్యాటర్న్ అనే గడి ఖాళీగా ఉంటే అది ఫోల్డర్లనే చూపిస్తుంది. ఆ గడిలో నక్షత్రం గుర్తు, చుక్క, ఆ వెంటనే టీ, ఎక్స్, టీ అక్షరాలు చిన్నవిగా, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఫైళ్లను సేవ్ చేసేటప్పుడు కూడా పేరు చివర అదే తోక ఉండాలి. ఇప్పుడు పట్టీ మీద ఒక క్లిక్‌తో ‘పెదాలు’, ఇంకో క్లిక్‌తో ఆ లిప్‌స్టిక్.

వెతకడానికి క్యాట్‌ఫిష్ అనే ప్రోగ్రాం ఉంది. సెట్టింగ్స్‌లో కీబోర్డు, అప్లికేషన్ షార్ట్‌కట్స్‌లోకి వెళ్లి యాడ్ నొక్కి, కమాండ్ దగ్గర క్యాట్‌ఫిష్ అని ఇంగ్లిషు చిన్నక్షరాల్లో రాసి, ఎఫ్9 మీట నొక్కండి. క్యాట్‌ఫిష్ తెరిచాక ‘సామాను’ ఫోల్డర్ ఎంచుకుని, సెర్చ్ ఫైల్ కంటెంట్స్ టిక్ పెట్టండి. అది పెట్టకపోతే ఫైళ్ల పేర్లలోనే వెతుకుతుంది. లనోలిన్ అని కొడితే అది ఉన్న డబ్బాలన్నీ వరసగా వస్తాయి.

గడువు దగ్గరపడిన డబ్బా ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో హైలైట్ అనే చోట ఎర్ర రంగు వేయండి. ఇది ఫోల్డర్లు తెరిచే ప్రోగ్రాం థునార్‌లో 4.18 నుంచి ఉంది. రంగులు, ఐకాన్లు, వాల్‌పేపర్ మీ ఇష్టం, వాటికి పాఠం అక్కర్లేదు.

ఈ వారం పని: జుట్టు ఫోల్డర్‌తో మొదలుపెట్టి ఉన్న డైలు, కోన్‌లు అన్నీ ఎక్కించండి. తర్వాత పెదాలు. ముఖం, కళ్లు వచ్చేవారానికి ఉంచండి. ఎక్కించాక ఎఫ్9 నొక్కి పీపీడీ పూర్తి పేరుతో ఒకసారి, 76060 అని ఇంకోసారి వెతకండి. రెండుసార్లూ వేర్వేరు డబ్బాలు వస్తే ఆ ఫైళ్లలో రెండో పేరు కూడా చేర్చండి. 5వ పాఠంలో ఈ ఫోల్డర్‌ను పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం, కరెంటు పోయి వచ్చాక డెస్క్‌టాప్ దానంతటదే ఇదే రూపంలో తెరుచుకునేలా సెషన్ అండ్ స్టార్టప్ సర్దుకోవడం చూద్దాం. ఖాళీ పెన్ డ్రైవ్ ఒకటి దగ్గర పెట్టుకోండి, 8 జీబీది చాలు.