ముసలి కుక్క వెనక కాళ్లకు బలం రావాలంటే ఏం చేయించాలి?

ఒక్క దూకులో దాటే గడప దగ్గర కుక్క ఆగుతోంది. ముందు కాళ్లు అవతల పెట్టి, కాసేపు తటపటాయించి, ఆ తర్వాత నడుమును ఈడ్చుకొస్తోంది. అలా చేస్తోందంటే వెనక కాళ్లలో బలం తగ్గినట్టే. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో ఏడెనిమిదేళ్లకే ఇది మొదలవచ్చు. చిన్న జాతుల్లో సాధారణంగా ఇంకా ఆలస్యంగా కనిపిస్తుంది.

నిలబడ్డ కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్లే మోస్తాయి. తుంటి నొప్పెడితే మిగిలిన దాంట్లోనూ కొంత ముందుకు నెట్టేస్తుంది. పని తగ్గిన తొడ కండ కరుగుతుంది, కండ కరిగితే కీలుకు ఆసరా పోతుంది, దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది. రోజూ గంటసేపు నడిపిస్తున్నా తొడలు బక్కచిక్కి, భుజాలు మాత్రం లావెక్కేది ఇందుకే. ఆ గంటా అది ముందు కాళ్లతోనే లాగించేస్తుంది. కాబట్టి ఎక్కువ నడిపించడం మందు కాదు. వెనక కాళ్లు తప్పించుకోలేని చిన్న చిన్న పనులు, అదీ నెమ్మదిగా చేయించాలి.

మొదలుపెట్టే ముందు

ఒకసారి పశువైద్యుడికి చూపించాల్సిందే. కీళ్ల అరుగుదల అయితే వ్యాయామం మేలు చేస్తుంది. మోకాలి లిగమెంటు తెగినా పైకి అదే కుంటు కనిపిస్తుంది, కానీ ఇష్టమొచ్చినట్టు వ్యాయామం చేయిస్తే ఆ మోకాలు ఇంకా పాడవుతుంది. డాష్‌హండ్ లాంటి పొడవు నడుము కుక్కల్లో వెన్నుపూస డిస్కు సంగతి ముందే తేల్చుకోవాలి. గుండె జబ్బుంటే అదీ చెప్పాలి. డాక్టరు నొప్పి మందు రాసి ఉంటే, అది పనిచేస్తున్న వేళలోనే వ్యాయామం పెట్టుకోండి.

తర్వాత చూడాల్సింది నేల. మన ఇళ్లలో పాలిష్ గ్రానైట్, నున్నటి టైల్స్ మీద ముసలి కుక్క నిలబడటానికే సగం శక్తి ఖర్చు చేస్తుంది. కాళ్లు ఎడంగా జారితే తొడ లోపలి కండరాలు పట్టేస్తాయి. యోగా మ్యాట్లు రెండు కలిపి పరిచినా సరిపోతుంది. దుప్పటి, గోనెపట్టా వద్దు, అవే జారుతాయి. నడుస్తుంటే గోళ్లు టకటకలాడుతున్నాయంటే కత్తిరించే వేళ దాటిపోయింది. పాదం అడుగున మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు కూడా తీసేయండి. పట్టు దొరకకపోవడానికి సగం కారణం అవే.

వ్యాయామం చేయించడానికి ఆశ చూపే ట్రీట్ శనగగింజంత ఉంటే చాలు. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, క్యారెట్, కీరా ముక్కలు బాగుంటాయి. ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి తగిలిన కూర పెట్టకూడదు. రోజు మొత్తం తిండిలో ట్రీట్ల వాటా పదో వంతు దాటకూడదు. పక్కటెముకలు వేళ్లతో తడిమితే తెలియనంత ఒళ్లు చేసిన కుక్కకు ముందు బరువు తగ్గించాలి. ఆ ఒక్కటి చేసినా కొన్ని కుక్కలు వ్యాయామం లేకుండానే నడక మెరుగవుతాయి.

ఒళ్లు వేడెక్కించడం

లీష్ పట్టుకుని ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిపించండి. చలికాలం పొద్దున్న బిగుసుకుపోయి లేస్తే, తువ్వాలు వేడినీళ్లలో ముంచి గట్టిగా పిండి, మీ మణికట్టు లోపలివైపు ఆనించి వేడి చూసుకుని, పది నిమిషాలు తుంటి మీద కప్పండి. వాచి వేడిగా ఉన్న కీలు మీద మాత్రం కాపడం పెట్టకూడదు.

1. బరువు అటూ ఇటూ మార్చడం

లేవడానికే కష్టపడే కుక్కకైనా దీనితో మొదలుపెట్టవచ్చు. కుక్క నాలుగు కాళ్ల మీదా తిన్నగా నిలబడి ఉండాలి. తుంటికి రెండు పక్కలా అరచేతులు ఆనించి, ఒక పక్క నుంచి మెల్లగా ఒత్తండి. ఆ ఒత్తిడికి ఎదురు నిలవడానికి అవతలి కాలు గట్టిపడటం మీ చేతికి తెలుస్తుంది. మూడు సెకన్లు ఆపి వదలండి, తర్వాత రెండో పక్క. పక్కకు పదిసార్లు. కుక్క అడుగు తీసి పక్కకు వేసిందంటే మీరు ఎక్కువ నెట్టారు. కదిలించడం మన ఉద్దేశం కాదు, కదలకుండా నిలబెట్టడమే.

2. ఒక కాలు ఎత్తి పట్టుకోవడం

పొట్ట కింద ఒక చెయ్యి ఆసరాగా ఉంచి, వెనక పాదం ఒకటి నేల నుంచి రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తండి. ఐదు సెకన్లతో మొదలుపెట్టి, వారాల మీద పది, పదిహేనుకు తీసుకెళ్లవచ్చు. కాలును పక్కకో వెనక్కో లాగకండి, ఉన్నచోటే పైకి. కుక్క తన బరువంతా మీ చేతి మీద వాల్చేస్తే ఎవరికి వ్యాయామం అవుతోందో ఆలోచించండి. అలాంటప్పుడు పాదం వదిలి, నిలబడ్డాక మళ్లీ ఎత్తండి. ఇది కుదిరాక ముందు కాళ్లను కూడా ఒక్కొక్కటిగా ఎత్తవచ్చు. అప్పుడు వెనక కాళ్లకు వాటా పెరుగుతుంది.

3. కూర్చోవడం, లేవడం

మనుషుల గుంజీళ్ల లాంటిది ఇది. తొడలకు, పిరుదులకు ఇంతకన్నా పనికొచ్చేది ఇంట్లో ఇంకోటి లేదు, తప్పుగా చేసేదీ ఎక్కువగా దీన్నే.

బలహీనమైన కాలు గోడవైపు వచ్చేలా కుక్కను గోడకు ఆనుకుని నిలబెట్టండి. గోడ లేకపోతే ఆ కాలును బయటికి చాపి, ఒక పిరుదు మీదే కూలబడుతుంది. ట్రీట్‌ను ముక్కు దగ్గర నుంచి కొంచెం పైకి, వెనక్కి జరిపితే కూర్చుంటుంది. రెండు మోకాళ్లూ ముందుకు చూస్తూ, పాదాలు ఒంటి కిందే ఉన్నాయో లేదో వెనక నుంచి ఎవరినైనా చూడమనండి. రెండు సెకన్లు ఆగి, ట్రీట్‌ను ముక్కు ఎత్తులోనే తిన్నగా ముందుకు జరపండి. పైకెత్తితే ఎగురుతుంది, మరీ దూరం జరిపితే నడుస్తుంది.

అసలు చూడాల్సింది ముందు పాదాలను. లేస్తూ రెండడుగులు ముందుకు వేసిందంటే భుజాలతో లాక్కుని లేచిందన్నమాట, తొడలు పని తప్పించుకున్నాయి. ముందు పాదాలు ఉన్నచోటే ఉండి, పిరుదులు పైకి లేస్తేనే లెక్క. అవసరమైతే మీరే ఎదురుగా దగ్గరగా కూర్చుని దారి మూసేయండి.

కూర్చునేటప్పుడు చివర్లో ధబ్బున పడుతోందా? అంత లోతుకు దిగే బలం ఇంకా లేదు. పిరుదుల కింద పది సెంటీమీటర్ల గట్టి దిండు పెట్టి, దాని మీద కూర్చోబెట్టండి. బలం వచ్చేకొద్దీ దిండు పల్చబరచండి. ఐదుసార్లు చేయించి, నిమిషం విశ్రాంతి ఇచ్చి, ఇంకో ఐదు. నాలుగోసారికే కాలు పక్కకు చాపుతుంటే ఆ రోజుకు మూడే చాలు. వంకరగా చేసినవి ఎన్ని చేసినా వంకరే అలవాటవుతుంది.

4. ముందు కాళ్లు మెట్టు మీద

పది సెంటీమీటర్ల ఎత్తున్న కదలని పీట మీద ముందు పాదాలు పెట్టించి, పది నుంచి ఇరవై సెకన్లు నిలబెట్టండి. ముక్కు ఎదురుగా ట్రీట్ పట్టుకుని కొద్దికొద్దిగా నాకనిస్తే కదలదు. బరువు దానంతటదే వెనక్కి జారుతుంది. మూడుసార్లు చాలు. వెనక కాళ్లు వణికితే అప్పుడే దించేయండి.

5. కర్రలు దాటించడం

పాదాలు ఈడుస్తూ నడిచే కుక్కకు కాలు ఎత్తి వేయడం మళ్లీ గుర్తుచేసేది ఇదే. చీపురు కర్రలో పీవీసీ పైపులో నాలుగైదు తీసుకుని నేల మీద వరుసగా పరచండి. కర్రకూ కర్రకూ మధ్య మీ కుక్క భుజం ఎత్తంత దూరం ఉండాలి. లాబ్రడార్‌కైతే సుమారు 55 సెంటీమీటర్లు. పైపు దొర్లకుండా రెండు చివర్లా చిన్న ఇసుక సంచులు పెట్టండి. దొర్లే పైపు మీద కాలు పడిందంటే ఉన్న కుంటు రెండింతలవుతుంది.

లీష్ వదులుగా పట్టుకుని, తల దించి కర్రలు చూసుకునేంత నెమ్మదిగా నడిపించండి. నాలుగైదు విడతలు. తాకకుండా దాటడం అలవాటయ్యాక కర్రల కింద ఏదైనా పెట్టి ఐదు సెంటీమీటర్లు ఎత్తండి. ముందు కాలి మణికట్టును మించి ఎప్పుడూ ఎత్తొద్దు, తగిలితే ఊడి పడేలా ఉంచండి, కట్టేయొద్దు. వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతిందంటే వేగమో ఎత్తో ఎక్కువైందని అర్థం.

6. వెనక్కి నడవడం

సోఫాకూ గోడకూ మధ్య కుక్క తిన్నగా పట్టేంత సందు చేసి, ఎదురుగా నిలబడి మెల్లగా దాని మీదకు అడుగు వేయండి. మూడు నుంచి ఐదడుగులు. సందు లేకపోతే పిరుదులు పక్కకు తిప్పేసి తప్పించుకుంటుంది.

ఎంత, ఎన్నాళ్లు

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, మొత్తం పది పదిహేను నిమిషాలు. మొదటి రెండు వారాలు 1, 2 మాత్రమే. తర్వాత ఒక్కొక్కటి కలపండి. సంఖ్య, ఎత్తు, సమయం మూడూ ఒకే వారంలో పెంచొద్దు, ఏది ఎక్కువైందో తెలియదు. మర్నాడు పొద్దున్న లేచేటప్పుడు మామూలుకంటే బిగుసుకుని ఉంటే తర్వాతిసారి సగానికి తగ్గించండి. విడుపు రోజుల్లో లీష్‌తో చిన్న నడకలు, పది నిమిషాలవి రెండు మూడు. బంతి విసిరి తెమ్మనడం మాత్రం మానేయాలి, గిరుక్కున తిరిగే ఆ ఒక్క మలుపులోనే కీళ్లు దెబ్బతింటాయి.

వేసవిలో పొద్దున్న ఎండెక్కకముందే ముగించండి. అరచేతి వెనకవైపు రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే అది పాదాలకూ పనికిరాదు.

కండ వస్తోందో లేదో కంటికి తొందరగా తెలియదు. దర్జీ టేపుతో తొడ పైభాగం చుట్టుకొలత నెలకోసారి, కుక్క నిలబడి ఉండగా, అదే చోట కొలిచి రాసుకోండి. పడుకున్నచోటు నుంచి లేవడం వారానికోసారి ఫోన్‌లో వీడియో తీయండి. మార్పు కనపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

ఎప్పుడు ఆపాలి

మూలిగినా, కాలు ఎత్తేసినా, అలవాటు లేకుండా మీ చేతిని కరవబోయినా ఆ పూటకు ఆపండి. పాదం మడిచి పైభాగాన్ని నేలకు రాస్తూ నడుస్తుంటే అది కీలు నొప్పి కాదు, నరాల సమస్య కావచ్చు, వ్యాయామాలన్నీ ఆపి డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి వెనక కాళ్లు పడిపోయినా, మూత్రం తెలియకుండా పోతున్నా అదే రోజు తీసుకెళ్లాలి. దగ్గర్లో సౌకర్యం లేనివాళ్లకు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. తీసిన వీడియోలు వెంట తీసుకెళ్లండి. ఆసుపత్రిలో భయంతో బిగుసుకున్న కుక్క ఇంట్లోలా నడవదు.

నొప్పిగా ఉందని మనం వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ సగం ముక్క కూడా వేయకండి. కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు, కిడ్నీలు, కాలేయం దెబ్బతినవచ్చు.