ఓఆర్‌ఎస్ కలపడానికి వాళ్లింటి గ్లాసే కొలత

పలమనేరు వైపు పల్లెల్లో తిరిగే ఆశా అక్కలకు, అంగన్‌వాడీ టీచర్లకు తల్లులకు ఓఆర్‌ఎస్ (బేదులైన బిడ్డకు నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజ్ పొడి) గురించి చెప్పేటప్పుడు పనికొస్తుందని రాస్తున్నా. పోస్టర్‌లో ఉన్న 'అతిసారం', 'నిర్జలీకరణం' చదివి వినిపిస్తే తల ఊపుతారు, అంతే. 'పిలకాయకు బేదులైతే' అనండి. 'కండ్లు గుంతలు పడి, నాలుక పిడచగట్టి, ఉచ్చ తగ్గిపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాల' అనండి.

అసలు చిక్కు లీటరు దగ్గర. సర్కారు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒక్కటి లీటరు నీళ్లకు. చదువురాని తల్లి ఒక గ్లాసు నీళ్లలోనే అంతా కలిపేస్తుంది. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. అందుకే వాళ్లింట్లో రోజూ నీళ్లు తాగే గ్లాసునే తెమ్మని, లీటరు బాటిల్ నిండా నీళ్లు పట్టి, అవి ఆ గ్లాసుతో ఎన్ని గ్లాసులో ఆమె చేతనే కొలిపించండి. నాలుగు గ్లాసులైతే ఆ గ్లాసు బయటివైపు గోళ్లరంగుతో నాలుగు చుక్కలు పెట్టండి, ఐదైతే ఐదు. బొగ్గుతో పెడితే ఒక్క తోముడుకే పోతుంది.

'అర్థమైందా' అని మాత్రం అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. 'మీ ఆడబిడ్డకు చెప్పాలంటే ఎట్ల చెప్తావమ్మా?' అని అడిగి, ఆమె కలిపి చూపించేదాకా కూర్చోండి. నాకైతే సగం తప్పులు అక్కడే బయటపడతాయి.

జింకు మాత్రలు 14 రోజులు వెయ్యాలి. బేదులు కట్టగానే ఆపేస్తారు కాబట్టి గోడ క్యాలెండర్‌లో ఆ 14 తేదీలకూ సున్నాలు చుట్టండి, మాత్ర వేసినరోజు ఆమె కొట్టేస్తుంది. నిన్న పొద్దున కలిపిన ఓఆర్‌ఎస్ నీళ్లు మిగిలితే ఈ పొద్దున పారబోసి కొత్తవి కలుపుకోమనండి.