కలంకారీలో నల్ల గీత పాకిపోతుంటే: నా అనుభవం

శ్రీకాళహస్తి పద్ధతిలో, అంటే గుడ్డ మీద కలంతో చేత్తో గీస్తూ, ఇంట్లో కలంకారీ మొదలుపెట్టేవాళ్లను ఏడిపించేది నల్ల గీతే. నెమలి మెడ దగ్గర సన్నగా గీసింది కాస్తా చూస్తుండగానే నూగు మొలిచినట్టు పక్కలకు పాకుతుంది. అందరూ కలాన్ని మారుస్తారు. మార్చాల్సింది గుడ్డను నానబెట్టే పాలు.

మీటరు కోరా గుడ్డను గంజి పోయేదాకా ఉతికి, 50 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన అర లీటరు పచ్చి ఎనుము పాలలో నానబెడతాను. వెన్న తీసిన పాలు పనికిరావు, గీతను ఆపేది ఆ కొవ్వే. మెలితిప్పి పిండితే చారలు పడతాయి, అరచేతులతో నొక్కి పిండాలి. ఎండలో పూర్తిగా ఆరాలి. చెమ్మ మిగిలితే ఎంత మంచి పాలైనా గీత నిలవదు.

కసిమికి, అంటే గీత గీసే నల్ల ఇనుప రంగుకి, లీటరు నీళ్లు, 100 గ్రాముల బెల్లం, రెండు గుప్పెళ్ల తుప్పు మేకులు, మట్టి కుండలో 15-20 రోజులు. జింకు పూత మేకులైతే నలుపు తేలదు. పులుస్తుంది కాబట్టి మూత బిగించొద్దు, గుడ్డ కట్టండి. కలం ముంచగానే దాని మొన పైన చుట్టిన ఉన్నిని కొద్దిగా నొక్కి, పాత గుడ్డకు తాకించి అప్పుడు గీయండి.

ఇంట్లో మాటలు మానేసిన ఇద్దరుంటే ఈ పనికి కూర్చోబెట్టండి. ఒకరు గుడ్డ బిగించి పట్టుకోవాలి, ఒకరు గీయాలి. "కొంచెం ఇటు లాగు" అనక తప్పదు. నాకు ఈ పనిలో ఇష్టమైనది అదే.

మొదటిసారికి జేబురుమాలంత ముక్క చాలు, పూర్తయితే అదే పండగ. గీత ఆరాక పారే నీళ్లలో జాడించండి. కసిమి మిగిలిపోతే ఇనుము గుడ్డను తినేస్తుంది.